హెడ్‌ఫోన్స్‌లో ఒంటరిగా వినడమా, పదిమందితో కలిసి పాడడమా?

రెండూ సంగీతమే, కానీ మనిషి మీద చేసే పని ఒకటి కాదు. 1979లో సోనీ వాక్‌మన్ అనే చిన్న క్యాసెట్ ప్లేయర్ వచ్చాక పాట జేబులోకి చేరింది, బస్సులో ఉన్నా మన మూడ్ మన చేతిలోనే. మనసు బాగోలేనప్పుడు నాకు ఇదే కావాలి. విషాద గీతం పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఏడ్చేయొచ్చు, అదే చరణాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అడిగేవాళ్లుండరు. టీనేజ్‌లో మనమెవరమో తేల్చుకోవడంలో కూడా ఇలా విన్న పాటలకు చోటుంటుంది.

కలిసి పాడడం దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. బృందంలో పాడేటప్పుడు పాట పాదం చివర అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటారు, దాంతోపాటు గుండె వేగం కూడా కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పక్కవాళ్ల శ్రుతి వింటూ మన గొంతు సర్దుకుంటాం, తెలియకుండానే "నేను" పోయి "మేము" వచ్చేస్తుంది. ఒకప్పుడు సోవియట్ పాలనలో ఉన్న ఉత్తర యూరప్ దేశం ఎస్టోనియానే చూడండి. 1869లో అక్కడి టార్టు నగరంలో మొదలైన పాటల పండుగ అక్కడివాళ్లకు తమ భాషనీ, తాము ఒక జాతి అన్న సంగతినీ గుర్తుచేస్తూ వచ్చింది. సోవియట్ పాలన ఇంకా నడుస్తుండగానే 1988లో రాజధాని టాలిన్‌లోని పాటల మైదానంలో జనం పోటెత్తి పాడారు, 1991లో స్వాతంత్ర్యం తిరిగి తెచ్చుకున్నారు. ఆ ఉద్యమానికి పేరే పాటల విప్లవం. హెడ్‌ఫోన్స్‌తో ఇది జరిగే పని కాదు.

ఒకటే ఎంచుకోమంటే నా ఓటు కలిసి పాడడానికే. గొంతు బాగోదని సిగ్గుపడేవాళ్లు వెనక వరుసలో నిలబడి పాడండి, అంతమంది గొంతుల మధ్య ఒక్క అపస్వరం ఎవరికీ వినపడదు.