బలూచ్ తివాచీ: పదకొండేళ్లు తొక్కాక

2014లో షార్జాలో ఉద్యోగం చేస్తుండగా కొన్నాను దీన్ని. మూడడుగుల వెడల్పు, నాలుగున్నర పొడవు. బలూచ్ తెగవాళ్లు నమాజు కోసం నేసే రకం. అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ చుట్టుపక్కల, సరిహద్దు అవతల ఇరాన్ ఖొరాసాన్‌లో ఇవి ఎక్కువ. అమ్మినాయన "నూరేళ్లది" అన్నాడు. నేను నమ్మలేదు గానీ దాని మీద నేసిన చెట్టు నచ్చి తీసుకున్నాను. హైదరాబాద్ తెచ్చాక అమ్మ చూసి, "ఇంత డబ్బు పోసి పాత గొంగళి కొన్నావేంట్రా" అంది.

ఒంటె రంగు నేల మీద నిలువునా ఒక చెట్టు, పైన మిహ్రాబ్ (మసీదు గోడలో మక్కా దిక్కు చూపే కమాను ఆకారం), దానికి అటూ ఇటూ చేతులు ఆనించే చోట రెండు చిన్న గళ్లు. చెట్టుకి కుడివైపు ఒక ఆకు ఎక్కువుంది. ఒక అంచు వంకర. సంచార జాతులు నేలలో మేకులు దిగ్గొట్టి మగ్గం పరుస్తారు, మకాం మారితే పీకి చుట్టుకుపోతారు. మళ్లీ బిగించేటప్పుడు పాత కొలత ఎక్కడొస్తుంది?

ఆకుల చుట్టూ ముదురు గోధుమ గీతల్ని వేలితో తడిమితే పల్లంగా తగులుతాయి. పురుగు కొట్టిందని మొదట్లో టెన్షన్ పడ్డాను. ఆ రంగులో ఇనుము కలుపుతారు, ఏళ్లు గడిచేకొద్దీ అది ఉన్నిని తినేస్తుందట. పాత తివాచీల్లో ఇది మామూలే.

అసలు పురుగు తర్వాత వచ్చింది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఒక కొస సోఫా కిందే రెండేళ్లు వదిలేశాను. తీసి చూస్తే అరచెయ్యంత మేర ఉన్ని పోయి పడుగు దారాలు తేలాయి. కలరా ఉండలు పెడితే ఇల్లంతా వాసన, అంతే. ఇప్పుడు నెలకోసారి బోర్లా వేసి వాక్యూమ్ పెట్టి, కాసేపు ఎండ చూపించి, ఈ కొస ఆ కొసకి వచ్చేలా తిప్పి పరుస్తున్నాను. మళ్లీ పురుగు కనబడలేదు.

ఒకసారి బట్టలు ఉతికే షాపులో ఇచ్చాను, బుద్ధి తక్కువై. ఎరుపు, నీలం చెక్కుచెదరలేదు. అంచులోని నారింజ రంగు మాత్రం కారి ఒంటె రంగు మీదికి పాకింది. రసాయన రంగన్నమాట. అవి 19వ శతాబ్దం చివర్లోనే అటువైపు చేరాయి కాబట్టి దీన్నిబట్టి వయసు తేలదు. కొనేముందు తడి తెల్ల జేబురుమాలుతో రుద్ది చూసుంటే షాపుకి ఇచ్చేవాణ్నే కాదు.

మిగతా ఉన్ని ఇంకా జిగిగా ఉంది. చిల్లుకి రఫ్ఫు చేయిద్దామని అడిగితే కొన్న ధరకంటే ఎక్కువ చెప్పారు. సోఫాని మళ్లీ దానిమీదికే జరిపాను, ఈసారి కాళ్లు మాత్రం బయట పెట్టి.