మయోవేర్ 2.0 సెన్సర్: కండరం బిగిసిందని చెప్తుంది, ఎప్పుడు బిగిసిందో అడిగితే మాత్రం జాగ్రత్త

ఫిజియోథెరపీ చదివేవాళ్లూ బీటెక్ ప్రాజెక్టులవాళ్లూ కండరంలోని విద్యుత్ సిగ్నల్‌ని పట్టే ఈ చిన్న బోర్డు కొనచ్చా అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాస్తున్నా. ముంజేతికి అతికించి పిడికిలి బిగిస్తే తెర మీద గీత లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఎలక్ట్రోడ్లు టిచ్‌బటన్లలా బోర్డుకే పడతాయి, వైర్ల గోల తక్కువ. డెమోకి బాగుంది, నాకు నచ్చింది.

పేచీ అంతా టైమింగ్ దగ్గరే. మోకాలి చిప్ప నొప్పి ఉన్నవాళ్లలో తొడ లోపలివైపు కండరం బయటివైపు దానికన్నా ఆలస్యంగా మొదలవుతోందా అని చూడాలనుకోండి, ఆ తేడా మిల్లీసెకన్లలో ఉంటుంది. గీత నున్నగా వస్తుందని అందరూ ఎన్వలప్ పిన్నే (సిగ్నల్‌ని నునుపు చేసి ఇచ్చేది) వాడతారు. ఆ నునుపు 3.6 హెర్ట్జ్ ఫిల్టర్ పుణ్యం, లెక్క కడితే టైమ్ కాన్‌స్టంట్, అంటే గీత దాదాపు మూడింట రెండొంతులు లేవడానికి పట్టే టైము, 44 మిల్లీసెకన్లు! కండరానికొకటి చొప్పున పెట్టిన రెండు బోర్డులకీ ఒకే ఆలస్యం కదా, తీసివేస్తే సరిపోతుందిగా అంటారేమో, సరిపోదు. గట్టిగా మొదలైన కండరం గీత నిటారుగా లేచి త్రెషోల్డ్‌ని (మొదలైందనడానికి మనం పెట్టుకున్న హద్దుని) ముందే దాటేస్తుంది, మెల్లగా మొదలైంది నింపాదిగా దాటుతుంది. బలంలో తేడా కాస్తా టైములో తేడాగా కనపడుతుంది.

అందుకే రా (RAW) పిన్నుకి, అంటే సిగ్నల్‌ని నునుపు చేయకుండా ఇచ్చేదానికి, వైరు పెట్టండి. గెయిన్ స్క్రూ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో తిప్పేది) దీనికి పనిచేయదు, అది ఎన్వలప్‌కే. సెకనుకి కనీసం 1000 రీడింగులు కావాలి; రీడింగులు తీసుకునే ఆర్డ్యునో బోర్డులో 9600 బాడ్ (కంప్యూటర్‌కి డేటా పంపే వేగం) పెట్టి ఒక్కోటీ ప్రింట్ చేస్తూ కూర్చుంటే 200 కూడా రావు, 115200కి మార్చండి. రా సిగ్నల్ పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి, ఆ తర్వాత మధ్య విలువ తీసేసి, కిందికి పోయిన భాగాన్ని పైకి తిప్పండి (రెక్టిఫై). కండరం ఊరికే ఉన్నప్పటి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (ఎస్‌డీ, సగటు చుట్టూ ఎంత ఊగుతోందో చెప్పేది) తీసుకుని, సిగ్నల్ 25 మిల్లీసెకన్ల సగటు దానికి 3 ఎస్‌డీలు పైన ఉంటేనే మొదలైనట్టు లెక్క. ఇలాంటి హద్దుల్నే హాడ్జెస్, బుయ్ అనే పరిశోధకులు 1996లో పోల్చి చూశారు. హద్దు తగ్గిస్తే ఉత్త నాయిస్ కూడా కండరం అయిపోతుంది, పెంచితే అసలు మొదలు జారిపోతుంది. ఏది పెట్టినా గ్రాఫు కళ్లతో చూడకుండా ఆ నంబరు నమ్మకండి.

లాప్‌టాప్ చార్జర్ పీకేయండి, లేదంటే మన 50 హెర్ట్జ్ కరెంటు హమ్ బేస్‌లైన్ (కండరం ఊరికే ఉన్నప్పటి గీత) మీదెక్కి కూర్చుంటుంది, పైగా ఒంటికి అతికించే బోర్డు కాబట్టి భద్రత కోసం కూడా బ్యాటరీయే మేలు. ఎలక్ట్రోడ్లు మాత్రం విడిగా మంచివి కొనుక్కోండి. నాకు ఒక ఆన్‌లైన్ షాపువాడు పంపిన ప్యాకెట్లో సగానికి జెల్ ఎండిపోయి, కాలు కదిపితే చాలు ఊడొచ్చాయి.