లోకల్ వాళ్ళకి రూమ్ ఇవ్వం

పుట్టి పెరిగిన ఊళ్ళో లాడ్జిలో దిగడం నాకిదే మొదటిసారి. సింగ్‌నగర్‌లో ఇల్లు అమ్మేసి ఏడాది అవుతోంది. అమ్మా నాన్నా హైదరాబాదులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. మస్కట్ నుంచి ఎప్పుడొచ్చినా స్టేషన్ బయట స్కూటరు మీద కాలు ఆనించుకుని నిలబడే మనిషి ఇప్పుడు అక్కడ లేడు. అయినా మావాడికి పదకొండేళ్ళొచ్చాయి, వాడి అమ్మ ఊరేంటో వాడు సరిగ్గా చూడలేదు. ప్రతిసారీ పెళ్ళిళ్ళూ, పెద్దలకి దణ్ణాలూ, అంతే. అందుకని డిసెంబరు ఆఖరి వారంలో నాలుగు రోజులు టూరిస్టుల్లా వెళ్ళొచ్చాం. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మధ్యలో నా సొంత గొడవ దొర్లితే సర్దుకోండి.

హైదరాబాదు నుంచి జన్మభూమి రైల్లో బయల్దేరాం. పేరు చూసి కాదు. వరంగల్ మీదుగా వచ్చే బళ్ళు కృష్ణ దాటవు, కొండపల్లి వైపు నుంచి వచ్చి నేరుగా స్టేషన్లో దింపేస్తాయి. గుంటూరు మీదుగా వస్తేనే వంతెన. కృష్ణ దాటకుండా బెజవాడ రావడమంటే కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకి వచ్చినట్టుంటుంది నాకు. ఏసీ వద్దని సెకండ్ సిట్టింగ్ తీసుకున్నాను, కిటికీ తెరుచుకోవాలి కదా మరి. వంతెన మీదకి రాగానే పెట్టెలో పెద్దవాళ్ళంతా చిల్లర కోసం తడుముకోవడం మొదలెట్టారు. నా పర్సులో ఒక్క నాణెం లేదు, అన్నీ ఫోన్లోనే. మావాడు జేబులోంచి ఒమన్ యాభై బైసాల బిళ్ళ తీసి, "ఇది చెల్లుతుందా అమ్మా?" అన్నాడు. చెల్లుతుంది వెయ్యమన్నాను. రాగి డబ్బులు వేసే రోజుల్లో నీళ్ళకి మంచిదనేవారు. ఇప్పటి బిళ్ళల వల్ల ఏం మంచో నాకు తెలీదు. కానీ చెయ్యి ఊరుకోదు.

స్టేషన్ బయట ఆటో అతను గాంధీనగర్‌కి రెండొందలు అడిగాడు. నడిచినా పోయే దూరం! "ఏ ఊరండీ?" అన్నాడు పైగా. ఇక్కడే అంటే ఎనభైకి దిగాడు. పెట్టె ఒక్కటే ఉన్నవాళ్ళు హాయిగా నడవండి.

ఇక లాడ్జి. పేరు రాయను. ఫోన్లో ఫొటోలు చూసి ముందే బుక్ చేశాను. కౌంటర్లో కుర్రాడు ఆధార్ అడిగాడు, ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "సారీ మేడమ్, లోకల్ వాళ్ళకి రూమ్ ఇవ్వం" అన్నాడు. కార్డు మీద ఇంకా సింగ్‌నగర్ అడ్రసే ఉంది, మార్పించలేదు. పోనీ అని పాస్‌పోర్టు తీశాను. అందులోనూ అదే అడ్రసు. ఆ ఇల్లు మాది కాదు బాబూ, అమ్మేశాం అంటే, "అయితే మీ ఇల్లెక్కడ మేడమ్?" అన్నాడు. పాపం, వెటకారానికి కాదు, రిజిస్టర్లో రాసుకోవడానికే అడిగాడు. నేనే కాసేపు ఏం చెప్పాలో తోచక నిలబడ్డాను. చివరికి ఒమన్ రెసిడెంట్ కార్డు చూపిస్తే గది ఇచ్చాడు. బెజవాడ మనిషిననే కాగితాలు రెండుంటే దొరకని గది, కాదనే కార్డు ఒకటి చూపిస్తే దొరికింది. చాలా ఊళ్ళలో లాడ్జీల వాళ్ళకి ఈ నియమం ఉంది. అదే ఊరి అడ్రసున్న కార్డు ఉన్నవాళ్ళు బుక్ చేసే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

గది సంగతి రెండు ముక్కలు. దుప్పట్లు శుభ్రం. గీజరు పనిచెయ్యలేదు, బకెట్టుతో వేణ్ణీళ్ళు పంపారు. కిటికీ తీస్తే పక్క లాడ్జి గోడ. రాత్రంతా లిఫ్టు తలుపు కిర్రుమంటూనే ఉంది. ఒక్క రాత్రికి సరిపోతుంది, పిల్లలతో రెండో రాత్రికి వద్దు.

అంత గొడవా తెల్లారి ఇడ్లీతో తీరిపోయింది. గాంధీనగర్ బాబాయ్ హోటల్ సంగతి కొత్తగా చెప్పేదేముంది, అయినా చెప్తాను. ఇడ్లీ మీద వెన్న, పక్కన కారప్పొడి, చట్నీ. మస్కట్‌లో మేం చేసుకునే ఇడ్లీ కూడా ఇడ్లీయే, కానీ దాన్ని నములుతాం. ఇక్కడ నమిలే పనే లేదు. మావాడు రెండు ప్లేట్లు తిని, మూడోది అడగడానికి సిగ్గుపడి నా ప్లేట్లోది లాక్కున్నాడు. తొందరగా వెళ్ళండి, ఆలస్యమైతే నిలబడి తినాలి. సాయంత్రం పునుగులకి మాత్రం పేరున్న చోటే అక్కర్లేదు. ఏ సందు మొగలో బండి దగ్గర జనం మూగితే అక్కడ ఆగండి. అల్లం చట్నీ అడిగి మరీ వేయించుకోండి.

బందరు రోడ్డు మీది బాపు మ్యూజియంకి వెళ్ళాం. మా చిన్నప్పుడు దాన్ని విక్టోరియా మ్యూజియం అనేవాళ్ళం. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్ళు నిండాయని 1887లో తలపెట్టిన జూబిలీ హాలు అది. 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగాయి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది అప్పుడే. పింగళి వెంకయ్య గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చిందీ అప్పుడే. రాణిగారి గౌరవానికి కట్టిన హాలుకి ఇప్పుడా జెండా పేరే ముందు చెప్తారు. నాకు చెప్పరాని సంతోషమేసింది. బడిలో ఉండగా ఈ గోడ పక్కనుంచి వెయ్యిసార్లు పోయుంటాను, ఒక్కసారీ లోపలికి రాలేదు.

మావాడు మస్కట్‌లో ఇండియన్ స్కూల్లో చదువుతున్నాడు. పింగళి వెంకయ్య వాడికి ఒక క్విజ్ జవాబు. ఆయన బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టాడనీ, మేలురకం పత్తి పండించి పత్తి వెంకయ్య అనిపించుకున్నాడనీ, జపనీస్ నేర్చుకుని జపాన్ వెంకయ్య అయ్యాడనీ, వజ్రాల సంగతి తెలిసి డైమండ్ వెంకయ్య అయ్యాడనీ చెప్పాను. "ఇన్ని పనులు చేసినాయనకి డబ్బులు బాగా వచ్చాయా?" అన్నాడు. లేదురా, 1963లో పోయేటప్పటికి పేదవాడే అన్నాను. తర్వాత ప్రశ్న రాలేదు. దేశం గురించి పెద్ద మాటలు మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు, ఎవరైనా మాట్లాడితే నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కానీ మస్కట్‌లో ప్రతి ఆగస్టు 15కి ఎంబసీలో తలెత్తి చూసే జెండా మా ఊళ్ళో చేతులు మారిందని తెలిసీ చూడటం వేరు. జెండా కోసం కాకపోయినా అల్లూరు బుద్ధుడి కోసం వెళ్ళండి. నిలువెత్తు తెల్లరాతి విగ్రహం. మేం వెళ్ళిన పూట మొత్తం పదిమంది లేరు.

మూడోరోజు మంగళగిరికి సిటీ బస్సెక్కాం. కండక్టరమ్మ "ఆధార్ చూపించండమ్మా" అంది. గుండె గుభేలుమంది, మళ్ళీ మొదలా అని. చూసి, నాకు జీరో టికెట్టు, మావాడికి అర టికెట్టు కొట్టి ముందుకెళ్ళిపోయింది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఈ బస్సుల్లో ఉచితం, ఇక్కడి అడ్రసున్న కార్డుండాలి. లాడ్జిలో బయటికి పొమ్మన్న కార్డే ఇక్కడ కూర్చోమంది. గల్ఫు జీతగత్తెకి ఉచితం ఏంటని మీరు అనొచ్చు. నేనూ అనుకున్నాను, తిరుగు ప్రయాణంలో టికెట్టు కొనుక్కుందామని కూడా అనుకున్నాను. కొనలేదు. ఆ సున్నా టికెట్టు పర్సులో దాచుకున్నాను.

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తారు. గుటకలు వేసిన చప్పుడు వినిపిస్తుంది, సగం తిరిగి వస్తుంది. అన్ని బిందెల బెల్లం నీళ్ళు ఒలికే చోట చీమలు చేరవంటారు. మావాడు పావుగంట వంగి చీమల కోసం వెతికాడు. నేను ఫలితం రాయను, వెళ్ళి మీరే చూసుకోండి. కింద గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు. చీర కొనాలంటే నిజాం అంచువి నేతగాళ్ళ ఇళ్ళ దగ్గర చూడండి, మగ్గం కూడా చూసినట్టుంటుంది.

దుర్గమ్మ దర్శనం తెల్లవారుజామున చేసుకున్నాం, భవానీ దీక్షలవాళ్ళ రద్దీ తగ్గాక కాబట్టి గంటలోపే అయిపోయింది. దసరాల్లో, అందులోనూ మూలా నక్షత్రం రోజున పిల్లలతో సాహసం చెయ్యకండి. భవానీ ద్వీపానికి పడవ ప్రయాణం బాగుంది, ద్వీపం ఫరవాలేదు. ఉండవల్లి గుహలు మాత్రం వదలొద్దు. నాలుగు అంతస్తులుగా కొండనే తొలిచారు, లోపల పడుకున్న అనంతపద్మనాభుడు ఏకరాతి విగ్రహం. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే ఎండ తగ్గుతుంది, తిరిగొచ్చేటప్పుడు బ్యారేజీ మీద సాయంత్రం దొరుకుతుంది.

బ్యారేజీ మీద ఆటో దిగి నడిచాం. చివరి రెండు రాత్రులూ భవానీపురంలో కృష్ణ ఒడ్డునున్న ఇంకో బసకి మారాం. అక్కడ కార్డు గొడవ లేదు, అద్దె మొదటిదానికి రెట్టింపు, కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయి కనుక నేనేమీ అనలేదు. కాటన్ దొర పట్టుదలతో 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట లేచింది. దాని తర్వాత వచ్చింది 1957 నాటి ఈ బ్యారేజీ, టంగుటూరి ప్రకాశం పేరు మీద. ఈ నీళ్ళు కాలువల్లో పడి డెల్టా అంతా పాకుతాయి. మస్కట్ సూపర్ మార్కెట్లో నేను సంచి తిప్పి చూసి మరీ కొనే బీపీటీ బియ్యం వంగడం పుట్టింది ఆ కాలువల చివరనున్న బాపట్లలోనే. మావాడికిది చెప్తుంటే, "అయితే నేను ఈ నీళ్ళే తింటున్నానా?" అన్నాడు. తప్పేముంది.

అదే కృష్ణ 2024 సెప్టెంబరు 2న ఈ గేట్లలోంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, బ్యారేజీ చరిత్రలో ఎప్పుడూ అంత రాలేదు. కానీ మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. గట్లు తెగి సింగ్‌నగర్ మీద పడింది. నాన్నా అమ్మా డాబా మీద రెండు రాత్రులు ఉన్నారు. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. మస్కట్‌లో నేను టీవీలో హెలికాప్టర్ నుంచి తీసిన చిత్రాల్లో మా డాబా ఏదో వెతుక్కుంటూ కూర్చున్నాను. మూడోనాడు ఎవరో కుర్రాళ్ళు లారీ ట్యూబుల మీద తలుపు చెక్క కట్టి తెచ్చి, దాని మీద కూర్చోబెట్టి ఫ్లైఓవరు దాకా తోసుకెళ్ళారట. దాని తర్వాత నాన్న ఆ ఇంట్లో పడుకోలేకపోయారు. అందుకే అమ్మకం.

చివరిరోజు అక్కడికి వెళ్ళాం. ఇది చూడదగ్గ ప్రదేశం కాదు, మీరు దాటేయొచ్చు. కొనుక్కున్నవాళ్ళు మంచివాళ్ళు, లోపలికి రమ్మన్నారు. హాలుకి రంగులు వేయించారు గానీ వెనక వంటింటి గోడకింకా వెయ్యలేదు. దాని మీద నీళ్ళ గీత బూడిదరంగులో తిన్నగా ఉంది, ఎవరో దారం పట్టి గీసినట్టు. తలుపు పక్కన నాన్న పెన్సిలుతో మా ఎత్తులు కొలిచి గీసిన గీతలుండేవి. ఒక్కటీ మిగల్లేదు. మావాడు గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. నీళ్ళ గీత వాడి తలకి బెత్తెడు పైన ఉంది. ఏమీ అనకుండా పక్కకి జరిగాడు.

ఎదురింటి పిన్ని ఇంకా అక్కడే ఉంది. ఆవిడా మునిగింది, కడుక్కుని మళ్ళీ ఉంటోంది. ఆ కుర్రాళ్ళెవరో కనుక్కుని ఒకసారి కలవాలని నా కోరిక. "ఎవరని చెప్పనే? రాజరాజేశ్వరిపేట పిల్లలని ఒకళ్ళు, కాదు కాలువ అవతలి వాళ్ళని ఒకళ్ళు. వాళ్ళిళ్ళూ మునిగే ఉన్నాయి అప్పటికి. పేరడిగే తీరికెక్కడ?" అంది. పాల ప్యాకెట్లు పైకి విసిరింది కూడా వాళ్ళేనట, ఒకటి తగిలి పిన్ని కళ్ళజోడు పగిలింది. అది చెప్పి నవ్వింది.

ఎక్కడ దిగావే అని అడిగింది. చెప్పక తప్పలేదు. అద్దె ఎంతంటే అదీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. లోపలికెళ్ళి గోంగూర పచ్చడి సీసా తెచ్చి, మూతకి ప్లాస్టిక్ కాగితం చుట్టి దారంతో కట్టింది. విమానంలో ఒలుకుతుందని నేనంటుంటే వినిపించుకోలేదు.

"ఈ సీసా వరదలో కొట్టుకుపోకుండా మిగిలింది. ఖాళీ అయ్యాక తెచ్చి నాకివ్వాలి. తెచ్చిన రోజు లాడ్జీలో దిగావో, కాళ్ళు విరగ్గొడతాను" అంది. తర్వాత మావాడి వైపు తిరిగి, "నువ్వు చూస్తూ ఉండరా అబ్బాయ్, మీ అమ్మ పారేస్తుంది" అని సీసా వాడి చేతికిచ్చింది.