రైతు సభలో మాట్లాడాలంటే కాగితమా, బట్టీయా, చీటీయా: ఏది మేలు?

కోవూరులో వరి రైతుల సభో, టంగుటూరులో పొగాకు రైతుల సమావేశమో. చేతిలో ఉండేది పది నిమిషాలు.

రాసుకొచ్చింది చదివితే లెక్క తప్పదు. కానీ తల వంచగానే నోరు మైకుకు దూరమవుతుంది, వెనక వరసకు సగం మాటలే అందుతాయి. పైగా రాతలో వాక్యాలు సాగుతాయి. క్రియ వచ్చేసరికి మొదలేమిటో వినేవాళ్లకు గుర్తుండదు. తీర్మానం, సంతాప సందేశం, వేదిక మీది పేర్లు మాత్రం చూసే చదవాలి. ఒక్క పేరు జారిందా, ఆ అలక తీర్చడానికి ఇంకో సభ పెట్టాలి!

బట్టీ పట్టడం పద్యానికి బాగుంటుంది. ప్రసంగమంతా బట్టీ పడితే, మధ్యలో కరెంటు పోయినా, ఎవరైనా లేచి ప్రశ్న వేసినా వరస తెగుతుంది. గుర్తు తెచ్చుకునే తొందరలో చూపు షామియానా మీదికి పోతుంది, వేగం పెరుగుతుంది.

మా ఓటు మాత్రం అంశాలు రాసుకున్న చీటీకే. పోస్టుకార్డంత మందపాటి అట్ట చాలు; పల్చటి కాగితమైతే గాలికి రెపరెపలాడి ఆ చప్పుడు మైకులో వినిపిస్తుంది. మూడే అంశాలు, ఒక్కోదానికి ఒక అంకె, ఒక ఉదాహరణ. అక్షరాలు చెయ్యి చాపినా కనపడాలి. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి, ఎందుకంటే తడబాటు ఎక్కువగా అక్కడే. మిగతాది నిలబడి, పైకి, మూడుసార్లు చెప్పి చూసుకోండి, ప్రతిసారీ వేరే మాటల్లో.

అంకెను వినేవాళ్ల కొలతలోకి మార్చి రాసుకోవాలి. ఉదాహరణకు 2024-25లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు ఉండేది. నెల్లూరు రైతు బేరమాడేది పుట్టి లెక్కన, అంటే 850 కిలోలు. ఆ ఏడాది ధరను 'పుట్టికి 19,550' అంటే తలలెత్తుతాయి. క్వింటాలులో చెబితే వాళ్లు గుణించుకునేలోపు మీరు రెండు మాటలు దాటిపోతారు. యాస మాత్రం తెచ్చిపెట్టుకోవద్దు, వెంటనే పట్టేస్తారు.

చీటీతో చిక్కల్లా సాగదీత. ప్రతి అంశం పక్కన నిమిషాలు వేసుకోండి: మూడు, మూడు, రెండు. ఎనిమిదో నిమిషానికి మూడోది సగంలో ఉన్నా వదిలేసి ముగింపు వాక్యం అందుకోండి. మిగిలిన రెండు నిమిషాలు రైతుల ప్రశ్నలకు.