40 మంది, ఒకే సర్వర్: లాగిన్‌డీ వాడకం మీద నా మాట

విశాఖ ద్వారకానగర్‌లో మా ట్రైనింగ్ సెంటర్‌కి వచ్చే పిల్లల ల్యాప్‌టాప్‌లు మెషిన్ లెర్నింగ్ కోర్సుకి ఆనవు. అందుకని అందరూ ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) ఒకే లైనక్స్ సర్వర్‌లోకి లాగిన్ అవుతారు. 16 కోర్లు, 64 జీబీ మెమరీ, పైన ఉబుంటు. బ్యాచ్‌కి 40 మంది. ఇలాంటి చోట ఎవరు లోపల ఉన్నారు, ఎవరు ఎంత తింటున్నారు, వెళ్లిపోయినవాళ్లు వదిలేసిన ప్రోగ్రాంలు ఎవరు ఊడ్చాలి అన్నదే నా ఉద్యోగం. దీనికి లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీతో పాటు వచ్చి లాగిన్లని చూసుకునే లాగిన్‌డీనీ, దాని కింద పనిచేసే కెర్నెల్ (లైనక్స్ మూలభాగం) సీగ్రూపులనీ (ప్రోగ్రాంలని గుంపులుగా కట్టి హద్దులు పెట్టే సౌకర్యం) కొన్నేళ్లుగా వాడుతున్నాను. పరిమితులు పెట్టడంలో నాకు బాగా నచ్చింది. సెషన్లు ముగించే విషయంలో మాత్రం ఇప్పటికీ విసిగిస్తుంది.

దీనికి ముందు అందరిలాగే హద్దులు పెట్టే పాత కమాండ్ యూలిమిట్‌తో నెట్టుకొచ్చాం. దాని లోపం ఏమిటంటే, మెమరీ హద్దు ఒక్కో ప్రాసెస్‌కే (నడుస్తున్న ఒక్కో ప్రోగ్రాంకే) తప్ప మనిషికి ఉండదు. అపార్ట్‌మెంట్‌లో ప్రతి కుళాయికీ కొలత పెట్టి, ఫ్లాట్ మొత్తం ఎంత నీళ్లు వాడిందో చూడకపోవడం లాంటిదిది. ప్రాసెస్‌కి 2 జీబీ అని పెడితే, పైథాన్‌లో 20 వర్కర్లు తెరిచినవాడికి 40 జీబీ వరకు దారి ఇచ్చినట్టే. పోనీ ఆ హద్దు ఇంకా బిగిద్దామంటే జావా, నోడ్ మొదలే కావు. అవి అసలు వాడే మెమరీ కొంతే అయినా, చిరునామాల జాగా మాత్రం ముందే బోలెడు పట్టేసుకుంటాయి. యూలిమిట్ లెక్కేసేది ఆ జాగానే.

లాగిన్‌డీ పద్ధతి వేరు. మనిషి లాగిన్ కాగానే అతని పేరు మీద ఒక స్లైస్ (అతని ప్రోగ్రాంలన్నీ చేరే సీగ్రూపు) తయారవుతుంది. నాలుగు టెర్మినళ్లు తెరిచినా, వీఎస్ కోడ్ ఎడిటర్‌తో రిమోట్‌గా వచ్చినా అన్నీ ఆ స్లైస్ కిందికే వస్తాయి. హద్దు స్లైస్‌కి పెడితే మనిషికి పెట్టినట్టే. 40 మందికి విడివిడిగా రాయనక్కర్లేదు. యూజర్ స్లైస్‌లన్నిటికీ వర్తించే డైరెక్టరీ ఒకటుంది, అందులో చిన్న ఫైలు పెడితే కొత్తగా చేరినవాళ్లకి కూడా అదే పడుతుంది. నా మటుకు నాకు ఈ ఒక్కదానికే దీన్ని వాడొచ్చు.

మా దగ్గర తలా మెమరీహై 3 జీబీ, మెమరీమ్యాక్స్ 4 జీబీ. రెండూ ఎందుకని మా ల్యాబ్ అసిస్టెంట్ మొదట్లోనే అడిగాడు. మ్యాక్స్ దాటబోతే కెర్నెల్ ఆ స్లైస్‌లోనే ఒక ప్రాసెస్‌ని చంపుతుంది, పక్కవాళ్ల జోలికి పోదు. హై దాటితే చంపదు, మెల్లగా నడిపిస్తూ మెమరీ వెనక్కి లాక్కుంటుంది. స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్క్‌లో వాడే జాగా) ఉంటేనే హై వల్ల లాభం. లేకపోతే ప్రోగ్రాం చావదు, కదలదు, కుర్రాడేమో సర్వర్ హ్యాంగైందని టెన్షన్ పడతాడు. 40 మందికి నాలుగేసి అంటే 160 జీబీ అవుతుంది కదా అంటారా, అవుతుంది. అందరూ ఒకేసారి అంత వాడరన్న ధీమాతో అలా ఇచ్చాను. ఆ ధీమా ఎప్పుడైనా తప్పినా సర్వర్ నిలబడాలని, యూజర్లందరినీ కలిపిన పెద్ద స్లైస్‌కి 56 జీబీ దగ్గర గీత గీశాను. మిగిలింది సిస్టమ్‌కి.

సీపీయూకి కోటా పెట్టలేదు, వెయిట్ పెట్టాను. కోటా పెడితే రాత్రి సర్వర్ ఖాళీగా ఉన్నా ఆ ఒక్కడికి ఇచ్చిన కోర్లే. వెయిట్ అయితే పోటీ ఉన్నప్పుడే సమానంగా పంచుతుంది, పోటీ లేనప్పుడు 16 కోర్లూ ఒక్కడే వాడుకోవచ్చు. ఎలాగూ మామూలు విలువ 100 కదా అని ఊరుకోకుండా ఆ 100నే ఫైల్లో రాయాలి. రాస్తే తప్ప స్లైస్‌ల స్థాయిలో సీపీయూ పంపకం మొదలవుతుందన్న భరోసా లేదు. ఇలాంటివి మాన్యువల్‌లో ఒకచోట దొరకవు, నాలుగు పేజీలు తిరగాలి.

టాస్క్స్‌మ్యాక్స్, అంటే ఒక్కొక్కరు ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు నడపొచ్చన్న హద్దు, 512. మామూలుగా వచ్చే హద్దు సిస్టమ్ మొత్తం హద్దులో 33 శాతం, మాలాంటి చోట అది ఉన్నా లేనట్టే. సీ క్లాసులో ఫోర్క్ (ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని పుట్టించే పద్ధతి) నేర్పిన రోజు ఎవడో ఒకడు దాన్ని లూప్‌లో పెడతాడు, ఆ రోజు తెలుస్తుంది దీని విలువ. మరీ తక్కువా పెట్టకూడదు. థ్రెడ్లు (ఒక ప్రాసెస్ లోపల సమాంతరంగా నడిచే పనులు) కూడా లెక్కలోకి వస్తాయి, నంపై లాంటి పైథాన్ లైబ్రరీలు ఒక్కో ప్రాసెస్‌కి కోర్లన్ని థ్రెడ్లు తెరుస్తాయి.

నాకు నచ్చనిది: హద్దు తగిలినవాడికి కారణం చెప్పదు. టెర్మినల్లో ‘కిల్డ్’ అని ఒక్క ముక్క, అంతే. ‘సార్, నేనేం చెయ్యలేదు సార్, దానంతట అదే పోయింది’ అని వస్తారు. స్లైస్ డైరెక్టరీలో మెమరీ ఈవెంట్స్ అనే ఫైల్లో ఎన్నిసార్లు హై దాటారో, ఎన్ని ప్రాసెస్‌లు పోయాయో అంకెలుంటాయి. వాటిని ప్రాంప్ట్ పక్కన చూపించే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాక నా దగ్గరికి వచ్చే జనం తగ్గారు.

ఇక సెషన్లు. కరెంటు పోతే సర్వర్‌కి యూపీఎస్ ఉంటుంది, ల్యాబ్‌లో నెట్‌వర్క్ స్విచ్‌కి ఉండదు. పిల్లల కనెక్షన్లు తెగిపోతాయి, కానీ ఆ సంగతి సర్వర్‌కి తెలియదు. టీసీపీ (కనెక్షన్‌ని నడిపే నెట్‌వర్క్ పద్ధతి) దానంతట అది కనుక్కోవాలంటే లైనక్స్‌లో మామూలుగా 2 గంటలు ఆగాలి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వైపు అలైవ్ ఇంటర్వల్ (ఉన్నావా అని అడిగే వ్యవధి) 60 సెకన్లు పెడితే, మూడుసార్లు జవాబు రాకపోయాక తనే తెంపుతుంది. ఇది లాగిన్‌డీ చేసే పని కాదు, కానీ ఇది లేకుండా లాగిన్‌డీ జాబితాని నమ్మలేం.

తెగాక కూడా కథ అవదు. శ్రీకాకుళం బస్సు అందుకోవాలని ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పరుగెత్తినవాడి వీఎస్ కోడ్ సర్వర్ లోపల అలాగే ఉంటుంది. సెషన్ ‘క్లోజింగ్’ అని చూపిస్తూ గంటల తరబడి పడి ఉంటుంది. దీనికి మందు కిల్‌యూజర్‌ప్రాసెసెస్, అంటే సెషన్ ముగిశాక అందులో మిగిలినవన్నీ చంపేసే సెట్టింగ్. 2016లో సిస్టమ్‌డీ 230లో దీన్ని అందరికీ ఆన్ చేసేస్తే, కనెక్షన్ తెగినా పని ఆగకుండా టీమక్స్, స్క్రీన్ వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. డెబియన్, ఉబుంటు ఆఫ్‌లోనే ఉంచాయి. ఒక్కరి మెషిన్‌కి అదే సబబు. మాలాంటి ఉమ్మడి సర్వర్‌కి ఆన్ చేయాల్సిందే, చేశాను. రాత్రంతా మోడల్ నడపాలన్నవాళ్లకి అడిగితే లింగర్ (లాగౌట్ అయ్యాక కూడా నడుపుకునే అనుమతి) ఇస్తాను. లింగర్ ఒక్కటే చాలదని మాత్రం ప్రతి బ్యాచ్‌కీ మళ్లీ చెప్పాలి. టీమక్స్‌ని సిస్టమ్‌డీ-రన్ ద్వారా యూజర్ స్కోప్‌లో (సెషన్‌కి బయట, అతని స్లైస్ కిందే ఉండే వేరే గుంపులో) మొదలుపెట్టకపోతే, లింగర్ ఉన్నా సెషన్‌తో పాటే పోతుంది.

సిస్టమ్‌డీ 252 వెర్షన్ నుంచి ఖాళీ సెషన్లని తెంపే సెట్టింగ్ కూడా వచ్చింది. ఉబుంటు 22.04లో ఉన్నది 249, కాబట్టి అది కావాలంటే 24.04కి మారాలి. మా పనికి అది పనికిరాదు. ఎవరూ టైప్ చేయకపోతే ఖాళీ అనుకుంటుంది, లోపల ట్రైనింగ్ జోరుగా నడుస్తున్నా సరే.

డిస్క్ నిండటానికీ దీనికీ సంబంధం లేదు, డిస్క్ కోటా వేరే పెట్టుకోవాలి.

ఉమ్మడి సర్వర్ చూసేవాళ్లకి ఇంకొకటి. ఎస్‌యూ (యూజర్ మారే కమాండ్) కొట్టి ఇంకొకరి ఖాతాలోకి వెళ్తే కొత్త సెషన్ పుట్టదు. అక్కడ నడిపినదంతా మొదట లాగిన్ అయినవాడి స్లైస్ ఖాతాలోనే పడుతుంది, హద్దులూ వాడివే. విద్యార్థి ఫిర్యాదు చూద్దామని ఎస్‌యూతో వెళ్తే అతనికి తగిలే హద్దు మనకి తగలదు, అంతా బాగానే ఉందనిపిస్తుంది. మెషిన్‌సీటీఎల్ షెల్ అనే కమాండ్‌తో వెళ్తే నిజంగా అతని స్లైస్‌లోకే దిగుతాం. ఉబుంటులో అది సిస్టమ్‌డీ-కంటైనర్ ప్యాకేజీలో ఉంటుంది, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.