గ్లాస్గో రెండు ఓట్లా, కార్డిఫ్ జాబితానా, బెల్‌ఫాస్ట్ అంకెలా: ఏది మేలు?

గ్లాస్గోలో స్కాటిష్ పార్లమెంటు ఎన్నికకు ఓటు వెయ్యడానికి వెళ్తే చేతికి రెండు కాగితాలిస్తారు. ఒకటి లేత ఊదా రంగు, ఇంకొకటి పీచు పండు రంగు. ఈవీఎం ఉండదు, వేలికి సిరా ఉండదు, బూత్‌లో దారంతో కట్టిన పెన్సిల్ ఒకటి ఉంటుంది. ఊదా కాగితం మీద మన నియోజకవర్గంలో నిలబడ్డ మనుషుల పేర్లు. పీచు రంగు కాగితం పొడుగ్గా ఉంటుంది, దాని నిండా పార్టీల పేర్లే. మొదటిసారి ఆ రెండోదాన్ని పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఇక్కడికి నాకంటే పదేళ్లు ముందొచ్చిన మన తెలుగక్క ఒకావిడ, "రెండోది నీ సెకండ్ ఛాయిస్ కోసం" అని చెప్పి పంపించింది. సరేనని అలాగే వేశాను. అది తప్పని ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసింది. అది రెండో ఇష్టం కాదు, పార్టీకి వేసే వేరే ఓటు. నా రెండో ఓటును నేను చేజేతులా రెండో రకం ఓటుగా చేసుకున్నాను. ఆ బాధతోనే ఈ లెక్కలన్నీ నేర్చుకున్నాను.

ముందు ఒక మాట. కామన్‌వెల్త్ దేశాల వాళ్లం కాబట్టి, భారత పాస్‌పోర్టు ఉన్నా సరే, ఇక్కడ చట్టబద్ధంగా ఉంటూ పేరు నమోదు చేయించుకుంటే మనకు ఓటుంటుంది. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పండి.

మా పిన్ని కొడుకు వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉంటాడు. నాతో బీఎస్సీ నర్సింగ్ చదివిన స్నేహితురాలు ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో పనిచేస్తోంది. ముగ్గురమూ ఒకే దేశంలో ఉన్నాం. కానీ ప్రాంతీయ సభలకు మేం ఓటేసే తీరులు మూడు. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ: "అక్కా, మీది మేలా, మాది మేలా?"

మూడూ దామాషా పద్ధతులే. అంటే వచ్చిన ఓట్లకూ దక్కే సీట్లకూ పొంతన ఉండాలన్నది మూడింటి ఉద్దేశమూ. ఆ పొంతన లేకపోతే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొస్తే 175 సీట్లలో దక్కినవి 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు అదే 39 శాతం ఓట్లొస్తే దక్కినవి 11. ఏ పార్టీ వాళ్లమైనా కానీ, పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీ సభలో ఒక మూలకు చేరడం చూశాం. స్కాట్లండ్‌దీ ఇదే అనుభవం. 1997లో బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో కన్జర్వేటివ్ పార్టీకి స్కాట్లండ్‌లో 17 శాతం పైగా ఓట్లొచ్చాయి, సీటు ఒక్కటి కూడా రాలేదు. రెండేళ్లకు, 1999లో, స్కాటిష్ పార్లమెంటు మొదటి ఎన్నికలో ఆ పార్టీకి 18 సీట్లొచ్చాయి. ఆ 18 కూడా పీచు రంగు కాగితం పుణ్యమే. నియోజకవర్గాల్లో అప్పుడూ సున్నాయే.

ఇప్పుడు ఆ కాగితం పనిచేసే తీరు చెబుతాను, ఎందుకంటే అసలు కిటుకంతా అక్కడే ఉంది. స్కాట్లండ్ సభలో 129 మంది. 73 మంది నియోజకవర్గాల నుంచి, మన ఎమ్మెల్యేల్లాగే, ఎవరికెక్కువ వస్తే వాళ్లు. మిగిలిన 56 మంది ఎనిమిది ప్రాంతాల నుంచి, ప్రాంతానికి ఏడుగురు చొప్పున, పార్టీల జాబితాల్లోంచి వస్తారు. ఆ ఏడు సీట్లూ పంచేటప్పుడు నియోజకవర్గాల్లో ఎవరు ఎన్ని గెలిచారో చూసి, తక్కువ దక్కినవాళ్లకు ముందు పెడతారు. ఒక్కో పార్టీ ఓట్లను, ఆ పార్టీకి అప్పటికున్న సీట్లకు ఒకటి కలిపి, ఆ అంకెతో భాగిస్తారు. ఎవరిది పెద్దదైతే వాళ్లకు సీటు. మళ్లీ భాగిస్తారు, మళ్లీ సీటు. బెల్జియం న్యాయవాది విక్టర్ డాంట్ పేరు మీద నడుస్తున్న లెక్క ఇది.

2021లో మా గ్లాస్గో ప్రాంతం చూడండి. తొమ్మిది నియోజకవర్గాలూ స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్ఎన్‌పీ) గెలిచేసింది. రెండో కాగితం మీద ఎస్ఎన్‌పీకి 1,33,917 ఓట్లు, లేబర్‌కు 74,088, కన్జర్వేటివ్‌లకు 37,027, గ్రీన్ పార్టీకి 36,114. ఎస్ఎన్‌పీకి అప్పటికే తొమ్మిది ఉన్నాయి కాబట్టి దాని ఓట్లను పదితో భాగించారు, 13 వేల చిల్లరకు దిగిపోయింది. మొదటి సీటు లేబర్‌కు. లేబర్‌ను రెండుతో భాగిస్తే 37,044, కన్జర్వేటివ్ కంటే సరిగ్గా 17 ఎక్కువ, కాబట్టి రెండోదీ లేబర్‌కే. మూడోది కన్జర్వేటివ్‌కు, నాలుగోది గ్రీన్‌కు, అయిదు, ఆరు మళ్లీ లేబర్‌కు. ఏడో సీటు దగ్గర కన్జర్వేటివ్ సగం 18,513, గ్రీన్ సగం 18,057. సీటు కన్జర్వేటివ్‌దే అయింది. గ్రీన్‌కు ఇంకో 914 ఓట్లు పడి ఉంటే ఆ సీటు వాళ్లది. అదే కాగితం మీద ఇండిపెండెంట్ గ్రీన్ వాయిస్ అని పేరున్న వేరే పార్టీకి రెండు వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. పేరు చూసి పొరపాటు పడినవాళ్లు ఎందరో లెక్క తేల్చలేం గానీ, గ్రీన్ పార్టీ వాళ్ల గోడు ఇప్పటికీ అదే.

నాకు ఇందులో గుచ్చుకునేది వేరే. అందరికంటే ఎక్కువగా లక్షా ముప్పై మూడు వేల మంది ఎస్ఎన్‌పీకి రెండో ఓటు వేశారు. ఆ ఓట్లతో గ్లాస్గోలో ఒక్క జాబితా సీటూ రాలేదు. అది అన్యాయం కాదు, తొమ్మిది సీట్లు ముందే వచ్చాయి కదా. కానీ ఈ సంగతి తెలిసిన ఓటరు ఒకలా వేస్తాడు, తెలియని ఓటరు ఇంకోలా వేస్తాడు. మొదటి ఓటు ఒక పార్టీకి, రెండోది దాని మిత్రుడికి వేయించి ఇద్దరూ లాభపడే ఎత్తు వెయ్యొచ్చు. 2021లో, ఎస్ఎన్‌పీలాగే స్కాట్లండ్ స్వాతంత్ర్యం కోరే ఆల్బా పార్టీ పుట్టిందే ఆ ఎత్తుతో. 1.7 శాతం ఓట్లొచ్చాయి, సీటు రాలేదు. అప్పటికి ఎత్తు పారలేదు గానీ, తలుపు మాత్రం తెరిచే ఉంది. లెక్క తెలిసినవాడి ఓటుకు ఒక బలం, తెలియనివాడి ఓటుకు ఒక బలం ఉండటం నాకు నచ్చదు.

మరి వేల్స్? అక్కడా 1999 నుంచి రెండు ఓట్లే ఉండేవి, కాకపోతే 60 మందిలో జాబితా వాళ్లు 20 మందే. సరిదిద్దే సీట్లు తక్కువైతే సరిదిద్దడమూ తక్కువే అవుతుంది. 2021లో లేబర్ పార్టీకి నలభై శాతంలోపు ఓట్లతో సరిగ్గా సగం, 30 సీట్లు వచ్చాయి. 2024లో చట్టం మార్చారు. 2026 నుంచి సెనెడ్‌లో, అంటే వేల్స్ పార్లమెంటులో, 96 మంది. 16 నియోజకవర్గాలు, ఒక్కో దానికి ఆరుగురు. ఒకే కాగితం, ఒకే గుర్తు, అది కూడా పార్టీ పక్కన. ఆరు సీట్లనూ అదే డాంట్ లెక్కతో పంచుతారు. పదవీకాలం అయిదేళ్ల నుంచి నాలుగేళ్లకు తగ్గింది.

మంచి ఉంది ఇందులో. రెండు రంగుల కాగితాల అయోమయం లేదు. నియోజకవర్గం సభ్యుడు గొప్ప, జాబితా సభ్యుడు తక్కువ అనే తేడా లేదు. మిత్రపక్షాల ఎత్తులకూ చోటు తక్కువ. నా తమ్ముడు దీన్నే గట్టిగా సమర్థిస్తాడు: "వేసిన ఓటు ఎటు పోతుందో అందరికీ అర్థమవుతుంది కదక్కా."

అర్థమవుతుంది, నిజమే. కానీ ఎవరు గెలుస్తారన్నది పార్టీ ముందే రాసి పెడుతుంది. జాబితాలో పేర్లు కాగితం మీద కనిపిస్తాయి, వాటిని మనం అటూ ఇటూ మార్చలేం. ఒకటో నంబరు వాడు నచ్చలేదు, మూడో నంబరు ఆవిడ మా వీధిలో అందరికీ తెలిసిన మనిషి, ఆవిడనే గెలిపించాలనుకుంటే దారి లేదు. పార్టీకి వేస్తే ముందు వెళ్లేది ఒకటో నంబరే. సభ్యుడు చనిపోయినా రాజీనామా చేసినా ఉప ఎన్నిక ఉండదు, అదే జాబితాలో తర్వాతి పేరు లోపలికి వస్తుంది. జాబితా అయిపోతే ఆ కుర్చీ ఖాళీ. ఉప ఎన్నిక అంటే ప్రభుత్వానికి జనం మధ్యలో పెట్టే పరీక్ష అని పెరిగిన మనకు ఇది చిన్న మార్పు కాదు. ఇంకో సంగతి: ఆరే సీట్లు కాబట్టి దాదాపు ఏడో వంతు ఓట్లు లేకపోతే ఒక్క సీటు మీదా భరోసా ఉండదు. 2021లో స్కాట్లండ్‌లో ఎనిమిది శాతంతో ఎనిమిది సీట్లు తెచ్చుకున్న గ్రీన్ లాంటి పార్టీకి వేల్స్ పద్ధతి చాలా కష్టం.

బెల్‌ఫాస్ట్ కథ వేరు. అక్కడ 18 నియోజకవర్గాలు, ఒక్కోదానికి అయిదుగురు, మొత్తం 90 మంది. కాగితం మీద మనుషుల పేర్లుంటాయి, పక్కన 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. ఇది మనకు తెలియనిది కాదు. పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో వేసేది ఇదే ప్రాధాన్య ఓటు. రాజ్యసభకు మన ఎమ్మెల్యేలు వేసేదీ ఇదే. ఎమ్మెల్సీకి ఒక్కటే సీటు కాబట్టి కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు, సగం దాటాలి. ఇక్కడ అయిదు సీట్లు కాబట్టి ఆరో వంతు దాటితే చాలు. 48,000 చెల్లిన ఓట్లుంటే కోటా 8,001. అది దాటినవాళ్ల మిగులు ఓట్లు రెండో ప్రాధాన్యం ప్రకారం పక్కవాళ్లకు వెళ్తాయి. ఎవరూ దాటకపోతే అడుగునున్నవాళ్లను ఎలిమినేట్ చేసి వాళ్ల ఓట్లను పంచుతారు.

నా స్నేహితురాలు చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. ఒకటి ఆసుపత్రుల గురించి గట్టిగా మాట్లాడిన మనిషికి వేసింది, రెండు అదే పార్టీలో ఇంకొకరికి, మూడు, నాలుగు వేరే పార్టీల వాళ్లకు. "ఎవరు రాకూడదో కూడా చెప్పాను, వాళ్ల పక్కన అంకే వెయ్యలేదు" అంది. ఆ రాకూడదనే మాట ఫలితాల్లో ఎంత బలంగా పలుకుతుందో 2022లో కనబడింది. ఐర్లండ్‌తో కలవాలనే పక్షంలో మెతక పార్టీ అయిన ఎస్‌డీఎల్‌పీకి మొదటి ప్రాధాన్య ఓట్లు 9.1 శాతం, సీట్లు 8. బ్రిటన్‌తోనే ఉండాలని గట్టిగా పట్టుబట్టే టీయూవీకి 7.6 శాతం, సీటు ఒక్కటే. టీయూవీకి సొంతవాళ్లు గట్టిగా ఉన్నారు, ఇతర పార్టీల ఓటర్లు దానికి కింది అంకెలు వెయ్యలేదు. ఎస్‌డీఎల్‌పీకి పక్కవాళ్ల నుంచి కూడా ఓట్లు వచ్చి చేరాయి.

ఇది దామాషాకు విరుద్ధం కాదా అని తమ్ముడు అడుగుతాడు. అంకెల లెక్కలో చూస్తే అవును, కొంత గాడి తప్పినట్టే. నేను దాన్ని తప్పుగా చూడను. బ్రిటన్‌తో ఉండాలనేవాళ్లూ ఐర్లండ్‌తో కలవాలనేవాళ్లూ, ఈ రెండు వర్గాల మధ్య రక్తం పారిన గడ్డ అది. అవతలివాళ్ల వీధిలోకి వెళ్లి "మీ మూడో అంకె నాకు వెయ్యండి" అని అడగాల్సిన అవసరం కల్పించే పద్ధతి వాళ్లకు కావాలి. 1921లో అక్కడ మొదలైంది ఈ పద్ధతే. 1929లో అప్పటి ప్రభుత్వం తీసేసింది, 1973లో మళ్లీ తెచ్చారు. తీసేసిన కాలంలో ఆ సభలో ఒకే పక్షం రాజ్యం చేసింది.

కష్టాలూ ఉన్నాయి. లెక్కింపు రెండు రోజులు సాగుతుంది. నల్గొండ, ఖమ్మం, వరంగల్ పట్టభద్రుల స్థానానికి 2021లో 71 మంది నిలబడితే లెక్కింపు రోజుల తరబడి సాగడం మనం చూశాం, ఇది దానంత దారుణం కాదు. అక్షర క్రమంలో పైన పేరున్నవాళ్లకు కాస్త లాభం. 2022లో ఎన్నికైన సభ 2024 ఫిబ్రవరి వరకూ ప్రభుత్వం ఏర్పాటు చెయ్యలేకపోయిందని కొందరు దీని మీదికి నెడతారు. దానికి కారణం రెండు వర్గాలూ కలిసే పాలించాలన్న నిబంధన. ఓటు పద్ధతికి ఆ పాపం అంటగట్టకూడదు.

నన్నడిగితే మేలు బెల్‌ఫాస్ట్‌దే. పార్టీకి తగిన వాటా ఇవ్వడం మూడూ చేస్తాయి, ఎక్కువో తక్కువో. మనిషిని ఎంచుకునే హక్కు పూర్తిగా ఓటరు చేతిలో ఉంచేది ఆ ఒక్కటే. రెండో స్థానం స్కాట్లండ్‌కు, నా నియోజకవర్గం మనిషిని నేను ఎన్నుకుంటున్నాను కాబట్టి. స్కాట్లండ్ వాళ్లకు అంకెలు కొత్త కూడా కావు. 2007 నుంచి కౌన్సిల్ ఎన్నికలకు ఇదే బడిలో, ఇదే పెన్సిల్‌తో 1, 2, 3 వేస్తున్నాం. ఆ మొదటి ఏడాది రెండు ఎన్నికలూ ఒకేరోజు పెట్టి లక్షకు పైగా పార్లమెంటు ఓట్లు చెల్లకుండా పోయిన మాట నిజం. కానీ అప్పుడు ఎక్కువగా చెడినవి గుర్తు పెట్టే పార్లమెంటు ఓట్లు, నియోజకవర్గం ఓటునూ పార్టీ ఓటునూ ఒకే కాగితం మీద అచ్చువేసినందుకు. అంకెలేసిన కౌన్సిల్ ఓట్లు అంతగా చెడలేదు.

వేల్స్‌లో కూడా 2017లో నిపుణుల బృందం మొదట సూచించింది అంకెల పద్ధతినే. పార్టీల మధ్య ఒప్పందం జాబితా దగ్గర కుదిరింది. అయితే 2026 ఎన్నిక తర్వాత ఈ కొత్త పద్ధతి ఎలా నడిచిందో సమీక్షించాలని ఆ చట్టంలోనే రాశారు. సెనెడ్ కమిటీలు జనం దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయాలు తీసుకుంటాయి. మొన్న తమ్ముడు ఫోన్‌లో, "మూడో నంబరు ఆవిడ కోసం వెయ్యాలనిపించింది అక్కా, వీల్లేదు" అన్నాడు. ఆ మాటే ఇంగ్లీషులో రెండు పేరాలు రాసి పెట్టుకో, కమిటీ అడిగిన రోజు పంపిద్దువుగాని అని చెప్పాను.