సీసా ముట్టని పాపకు స్టీలు ఉగ్గుగిన్నె: డేకేర్‌లో నెలల తరబడి వాడాక

ఇది మామూలు స్టీలు ఉగ్గుగిన్నె గురించి. ఒక పక్క సన్నటి ముక్కు ఉండే రకం, గిన్నెల షాపుల్లో దొరుకుతుంది. మా పాప డేకేర్‌లో చేరినప్పటి నుంచి సొంతంగా గ్లాసు పట్టుకునేదాకా దీంతోనే పాలు తాగింది. సీసా పట్టని పిల్లలున్నవాళ్లు తప్పక కొనుక్కోండి. కాకపోతే దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నారో ముందు చూసుకోండి.

చట్టం ప్రకారం జీతంతో 26 వారాల సెలవు వచ్చింది. అందులో కొంత కాన్పుకు ముందే అయిపోవడంతో, నేను ఆఫీసుకు వెళ్లేనాటికి పాపకు ఆరు నెలలు నిండలేదు. జావ, ఉగ్గు మొదలుపెట్టే వయసు కాదు, పాలే తాగాలి. సీసా చూస్తే మూతి తిప్పేసేది. పీకలు మార్చాం, పాలు ఇంకాస్త వెచ్చబెట్టాం, నా చున్నీ కప్పుకుని మా అత్తమ్మ పట్టి చూశారు. నాలుకతో బయటికి నెట్టేసి ఒకటే ఏడుపు. ఆకలేస్తే అదే తాగుతుందిలే అని చాలామంది అన్నారు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఏడ్చే పిల్ల నోట్లో బలవంతంగా పీక పెడితే సీసా అంటేనే భయం పట్టుకుంటుంది.

ఉగ్గుగిన్నె సంగతి ఒక నర్సు చెప్పింది. నెలలు నిండకుండా పుట్టి, రొమ్ము చీకే బలం లేని పిల్లలకు మన ఆస్పత్రుల్లో ఇలాంటి గిన్నెతోనే పాలు పడతారట. ఇందులో పీకే లేదు కాబట్టి పాప వద్దనడానికి కారణమూ లేకపోయింది.

పట్టే పద్ధతి దగ్గరే జాగ్రత్త కావాలి. మన ఇళ్లలో కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి పోసేస్తారు. అలా పోస్తే పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బిడ్డను ఒళ్లో దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకోవాలి, మెడ వెనక చెయ్యి ఆనించాలి. గిన్నె ముక్కు కింది పెదవికి తగిలించి, పాలు అక్కడిదాకా వచ్చేంత మాత్రమే వంచి ఆగాలి. బిడ్డే నాలుక చాపి గుటక వేస్తుంది. మింగాక మళ్లీ వంచాలి. మొదట్లో సగం పాలు గడ్డం కిందికే కారిపోయేవి. కష్టపడి పిండిన పాలు అలా పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కొద్దిరోజులకే గిన్నె కనబడగానే నోరు తెరవడం మొదలుపెట్టింది.

డేకేర్‌వాళ్లు మొదట ఒప్పుకోలేదు. ఇంతమంది పిల్లల్లో ఒక్కరి దగ్గర అంతసేపు కూర్చోవడం కుదరదన్నారు. అక్కడి ఆయమ్మే ముందుకొచ్చి, "నాకియ్యమ్మా, నేను పడతా" అంది. ఒక పూట ఆమె పక్కన కూర్చుని చూపించాను. ఆమె ఓపికే ఈ గిన్నెను పనికొచ్చేలా చేసింది. ఆమె సెలవు పెట్టిన రోజు పాప కొంచెమే తాగి, ఆ రాత్రంతా నా దగ్గర తాగేది. నాకు నిద్ర ఉండేది కాదు కానీ, పాప ఎప్పట్లాగే ఉచ్చ పోసి బట్టలు తడుపుతూ, బరువు పెరుగుతుంటే కంగారు వద్దని డాక్టరు చెప్పారు. ఎన్ని పాలు పంపాలని టెన్షన్ పడేవాళ్లకు ఒక లెక్క: ఈ వయసులో తల్లి దగ్గర లేని ఒక్కో గంటకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున వేసుకుంటే చాలు. పిండిన పాలు బయట నాలుగు గంటలు ఆగుతాయనే మాట 25 డిగ్రీల లోపు గదికే. మన ఎండల్లో దాన్ని నమ్ముకోవద్దు, ఐస్ ప్యాకులున్న డబ్బాలోనే పంపండి.

లోపాలూ ఉన్నాయి. చిన్న గిన్నె కాబట్టి మళ్లీ మళ్లీ నింపాలి. కొలత గీతలు లేవు, ఎంత తాగిందో తెలియాలంటే పాల డబ్బాలో మిగిలింది చూసుకోవాలి. వేడి త్వరగా పట్టేస్తుంది, ముట్టుకుని చూశాకే పట్టాలి. కొన్నిటికి ముక్కు అంచు గరుకుగా ఉంటుంది, కొనేటప్పుడే వేలితో తడిమి చూడండి. బారసాలకు వచ్చిన వెండి గిన్నె మాత్రం పక్కన పెట్టేశాను, నగిషీల్లో పాలు ఇరుక్కుంటాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది శుభ్రం చేయడం. సందులు లేవు, బ్రష్షు అక్కర్లేదు. సబ్బుతో కడిగి నీళ్లలో మరిగిస్తే అయిపోయింది. జావ మొదలుపెట్టాక పాప గిన్నెను లాక్కోవడం నేర్చింది, అప్పుడు చిన్న స్టీలు గ్లాసుకు మారాం. సీసా అలవాటు చేయాల్సిన పనీ లేదు, మాన్పించాల్సిన పనీ లేదు.

కొనేవాళ్లు రెండు తీసుకుని ఒకటి డేకేర్‌లోనే ఉంచండి. ఆఫీసుకు వెళ్లడానికి కొన్ని వారాల ముందే మొదలుపెట్టండి, పట్టేది మాత్రం తల్లి కాకుండా ఇంట్లో ఇంకెవరైనా అయితే మంచిది.